పటానికెక్కని నీళ్ల దారి

ఇలా దగ్గరికి జరగండి తల్లీ. నాయనా, నువ్వూ రా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, అదెక్కడికీ పోదు. మీరంతా కార్లలో, బస్సుల్లో ఖమ్మం నుంచి భద్రాచలం వైపు తిరిగేవాళ్లే. పట్నంలోకి దిగకుండా పక్కనుంచే దూసుకుపోయే పెద్ద రోడ్డు పడుతోందంటే హమ్మయ్య అనుకుంటారు. అనుకోవాలి కూడా. కానీ ఆ రోడ్డు పక్కన తల మీద బిందెతో, ఎటు దాటాలో తెలియక నిలబడ్డ ఆడమనిషిని ఎప్పుడైనా చూశారా? బండి ఆగదు, మీకు కనబడదు. అందుకే ఆ మనిషి కథ చెబుతాను. ఆమె పేరు రూప్లి.

పెనుబల్లి దాటి అడవి అంచు పట్టుకుని పోతే రేలగడ్డ తండా వస్తుంది. తండాకు వెనక అడవి. ముందు కొంచెం పల్లం దిగితే కుంట, కుంట గట్టు దాటితే పత్తి చేలు, చేల పక్కన పిల్లల బడి. తండాకూ కుంటకూ మధ్య రోడ్డు. అది ఇదివరకే ఉంది, సన్నగా, నల్లని చారలా. అటూ ఇటూ చూసుకుని, లారీ పోయాక గబగబా దాటేవాళ్లు. ఇప్పుడు దాన్నే పట్నం బయటి నుంచి పోయే బైపాసుగా, నాలుగు వరసలకు వెడల్పు చేస్తున్నారు. రెండు నిలువుల ఎత్తు మట్టికట్ట పోసి, దాని మీద రోడ్డు, రోడ్డుకు రెండు వైపులా ఇనుప కంచె.

ఇంటింటికీ నల్లా ఉంది కదా, కుంటతో ఏం పని అంటారేమో. నల్లా నీళ్లు తాగడానికీ వండుకోవడానికీ సరిపోతాయి. గొడ్లు నల్లా కింద తాగవు. తండా అందరి బట్టలూ నల్లా కింద ఉతకలేరు. చేలకు పోవాలన్నా, పిల్లల్ని బడికి పంపాలన్నా ఆడవాళ్లది ఆ ఒక్క దారే. దాన్ని నీళ్ల దారి అంటారు.

ఆ రోజు పొద్దున రూప్లి, ఆమె కూతురు పూలి, పక్కింటి మంగ్లి బిందెలతో మట్టికట్ట ఎక్కుతున్నారు. ముందు రోజు వాన పడింది. ఎర్రమట్టి కాలి కింద జారుతోంది. మంగ్లికి అరవై దాటాయి, నోటికి మాత్రం ఇరవై.

"ఏందే రూప్లీ, ఈ రోడ్డోళ్లు నన్ను ఈ వయసుల మేకను చేసిండ్రు గదా! రోజూ గుట్టెక్కుడు, గుట్ట దిగుడు."

"మేకకు నాలుగు కాళ్లుంటయి పెద్దమ్మా. నీకు రెండే. చూసి ఎక్కు."

"రెండు కాళ్లతోనే నిన్ను పెండ్లి పందిట్లకు ఎత్తుకొచ్చిన. మర్చిపోయినవా?"

పూలి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే మంగ్లి కాలు జారింది. బిందె ముందు దొర్లింది, వెనక మనిషి దొర్లింది. కింద మట్టి దింపే టిప్పరు ఒకటి వెనక్కి వస్తోంది. రూప్లి అరిచిన అరుపుకు డ్రైవరు బండి ఆపాడు గానీ, అప్పటికే చక్రం కింద బిందె రేకు పలకలా అణిగిపోయింది. మంగ్లి జానెడు దూరంలో పడి ఉంది, ఎడమ చేయి వంకర తిరిగి.

డ్రైవరు గబగబా దిగాడు. "ఈడ దారి లేదమ్మా! దాటనీకి పోవాల్నంటే ట్రాక్టర్ల బాట కాడ కింది నుంచి తొవ్వ ఇడుస్తున్నరు, ఆడికి పోవాలె."

"ఆడికి పోయి రావాల్నంటే నెత్తి మీద బరువుతోని గంట పడ్తది. ఈడ దారి లేదని నీకెవరు చెప్పిండ్రు?"

"నాకేం తెల్సు? మీ నాయక్ చూపిచ్చిండంట. ఆయన్నే అడుగుండ్రి."

మంగ్లిని ఆటోలో దవాఖానకు పంపి, రూప్లి ఇంటికి వచ్చింది. తండా నాయక్ జైరాం ఆమెకు సొంత మామే. తగువు తీర్చడంలో న్యాయం తప్పని మనిషి. ఆ ఇంట్లో పద్ధతి ఏమిటంటే, కోడలు మామతో ముఖాముఖి మాట్లాడదు. ముసుగు లాక్కుని, మధ్యలో ఎవరినో నిలబెట్టి వాళ్లతో అన్నట్టుగా అనాలి. అందుకే రూప్లి కూతురి వైపు తిరిగింది. తండాలో తాతను దాదా అంటారు, అమ్మను యాడి అంటారు.

"పూలీ, మీ దాదాను అడుగు. రోడ్డోళ్లు దారి యేడ విడవాల్నని అడిగితే ట్రాక్టర్ల బాట ఒక్కటే ఎందుకు చూపిచ్చిండో."

జైరాం కూడా మనవరాలికే జవాబు చెప్పాడు. "మీ యాడికి చెప్పు. అడిగింది మీ దారి యేడున్నదని. తండా మొగోళ్లు పోయే దారి అదే గదా."

"మరి నీళ్ల దారి చూపియ్యలేదా అని అడుగు."

జైరాం ముఖం ఎర్రబడింది. "ఆడపిల్లలు తానాలు చేసే తావును చేయెత్తి పరాయి మొగోళ్లకు ఎట్ల చూపిస్త? గొలుసులు పట్టుకొని నలుగురు, కెమెరా పట్టుకొని ఇద్దరు. ఇగో ఈ దారిల మా ఆడోళ్లు పొద్దుగాల్ల పోతరు, రాండ్రి చూడుండ్రి అనాల్నా? మా తాతల కాడి నుంచి ఈ తండాల ఏ మొగోడన్న ఆ బాట తొక్కిండా?"

చూశారా తల్లీ, ఎక్కడ ముడి పడిందో! ఆయన మరిచిపోయి చెప్పకపోలేదు. ఎవరి దగ్గరో ఏదో తిని దాచలేదు. తన తండా ఆడవాళ్ల మీద గౌరవంతోనే నోరు మూసుకున్నాడు. ఆ గౌరవం వల్లే నీళ్ల దారి రోడ్డు వాళ్ల పటంలోకి ఎక్కలేదు. లేని దారి మీద వాళ్లు మట్టి పోసుకుంటూ వచ్చారు. తప్పు ఎవరిదని వేలెత్తి చూపిస్తారు?

తిట్టడానికి వచ్చిన రూప్లికి తిట్టు దొరకలేదు. ముసుగు వెనక్కి తోసి, మామ కళ్లలోకి చూసింది.

"మామా."

పూలి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఏ కోడలూ మామను అలా ఎదురుగా పిలవలేదు.

"మా మానం కాపాడిన అనుకున్నవ్ మామా. మా దారిని మట్టిల పూడ్చినవ్. మంగ్లి పెద్దమ్మ చేయి పోయింది. రేపు పూలి పోతది. రోడ్డోళ్ల తానికి పోయి ఇదీ మా దారే అని చెప్పు."

"నోరు లేచిందే కోడలికి!" జైరాం మంచం మీంచి లేచాడు. "నాయక్ చేయి ఒకసారి చూపిస్తే చూపించినట్టే. ఇవాళ అటు, రేపు ఇటు అంటే తండా పరువేముంటది?"

రూప్లి భర్త రామ్‌చందర్ బొగ్గు లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు బండి మీదే. ఫోనులో సంగతంతా విని, "మా బాపు మొండోడు, నువ్వు ఇంక మొండిదానివి. మధ్యల నన్ను వేసి నలపకుండ్రి" అన్నాడు. అంతకంటే ఆయన నుంచి సాయం రాలేదు.

శ్రావణం వచ్చింది. తండాల్లో శ్రావణం అంటే తీజ్ పండుగ. పెళ్లి కాని ఆడపిల్లలు చిన్న చిన్న బుట్టల్లో పుట్టమన్ను నింపి, గోధుమలు చల్లి, ఒక మంచె మీద పెడతారు. రోజూ కుంట నుంచి నీళ్లు తెచ్చి, పాటలు పాడుతూ పోస్తారు. తొమ్మిది రోజులకు మొలకలు పచ్చగా లేస్తాయి, అప్పుడు ఊరేగింపుగా తీసుకుపోయి నీళ్లలో కలుపుతారు. గింజ చల్లాక, నీళ్లలో కలిపే రోజు దాకా బుట్ట కదలకూడదు. మంచె కదలకూడదు. అది కట్టుబాటు. పండుగ మొదలుపెట్టాలంటే నాయక్ అనుమతి కావాలి. అదీ కట్టుబాటే.

పూలి తోటి పిల్లల్ని వెంటేసుకుని తాత ముందు నిలబడింది. "దాదా, తీజ్ చేసుకుంటం. హుకుం ఇయ్యి."

మనవరాలు ఎన్నాళ్లకో నవ్వుతూ వచ్చిందని జైరాం పొంగిపోయాడు. "చేసుకోండి బిడ్డా. మంచిగ చేసుకోండి. ఎవరన్న అడ్డమొస్తే నా పేరు చెప్పుండ్రి."

ఎక్కడ చేసుకుంటారని ఆయన అడగలేదు. ఏటా నాయక్ ముంగిట్లోనే గదా కట్టేది!

ఎండ ఎక్కేసరికి మంచె లేచింది. నాయక్ ముంగిట్లో కాదు, మట్టికట్ట మీద, సరిగ్గా నీళ్ల దారి తెగిన చోట. అటు నుంచీ ఇటు నుంచీ కట్ట పైకి లేచి, కలవడానికి అక్కడ కొంచెం పల్లంగా మిగిలి ఉంది. ఆ మిగిలిన చోట పిల్లలు వెదురు గుంజలు పాతి, బుట్టలు ఎత్తి, గింజ చల్లేశారు. కబురు విని జైరాం పరుగున వచ్చాడు.

"ఇదేం పని? తియ్యుండ్రి! లారీలోళ్లు చూస్తుంటే నడి రోడ్డు మీద ఆడపిల్లల పండుగా?"

"గింజ చల్లినం దాదా" అంది పూలి మెల్లగా. "నువ్వే హుకుం ఇచ్చినవ్. నాయక్ మాట ఇవాళ అటు, రేపు ఇటు అంటే తండా పరువేముంటది?"

అక్కడున్న ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు. జైరాం మాత్రం ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి తిరిగి పోయాడు.

మట్టి తోసే యంత్రం వచ్చి మంచె ముందు ఆగింది. దాని డ్రైవరు అడవి పల్లె పిల్లవాడు. బుట్టలు చూశాడు, యంత్రం ఆపాడు, దిగి చెప్పులు పక్కకు విడిచాడు. "ఇది నేను ముట్ట" అని ఫోను తీశాడు. కాసేపటికి పని చూసే ఇంజనీరు ఉదయ్ భాస్కర్ జీపులో దిగాడు. మధిర వైపు మనిషి, మెత్తగానే మాట్లాడతాడు గానీ ఆ రోజు చెమటలు కక్కుతూ ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది? పండగ మీ ఇళ్ల దగ్గర చేసుకోండి. ఇక్కడ పనాగిపోతే నా ఉద్యోగం పోతుంది."

మంచె కింద కట్టు కట్టిన చేయితో మంగ్లి కూర్చుని ఉంది. "నీ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతది సారూ. నా చేయి ఇంకోటి యాడ దొరుకుతది?"

"అవ్వా, మీరు లోపలికి వెళ్లి పడుకోవాలి, చేయి విరిగింది కదా."

"చేయి ఇరిగింది సారూ, నోరు ఇరగలే."

ఉదయ్ భాస్కర్ రూప్లి వైపు తిరిగాడు. ఇక్కడ పెద్ద ఎవరో ఆయనకు అర్థమైపోయింది. "చూడండమ్మా. పోలీసుల్ని పిలవమంటారు పైవాళ్లు. నేను పిలవలేదు. పట్నంలో ట్రాఫిక్ ఎలా ఉందో మీకు తెలీదా? ఆ ఇరుకు బజార్లో బొగ్గు లారీలూ, బండలు మోసే లారీలూ, మిర్చి ట్రాక్టర్లూ ఒకదాని మీద ఒకటి. అంబులెన్సు పోవడానికి సందుండదు. ఈ రోడ్డు జనం కోసమే వేస్తున్నాం. మీరే అడ్డుపడితే ఎలా?"

రూప్లి గొంతు పెంచకుండానే చెప్పింది.

"అంబులెన్సు సంగతి నాకు చెప్తున్నవా సారూ? పూలి తర్వాత నాకో కొడుకు పుట్టాలె. నొప్పులతోని పోతుంటే ఆ బజార్ల లారీల నడుమ ఇరుక్కున్నం. కూత పెడుతనే ఉన్నది బండి. ముందున్న లారీ కదలలే. దవాఖాన మెట్ల కాడికి పోయేసరికి బిడ్డ లేడు. ఊరి బయట నుంచి రోడ్డు పడాల్నని అప్పుడే మొక్కుకున్న. ఇన్నేండ్లు మొక్కుతనే ఉన్న. నీ రోడ్డు మాకొద్దని ఈ తండాల ఎవరన్న అన్నరా? రోడ్డు మీద అంబులెన్సు పోవాలె. రోడ్డు కింద మేం పోవాలె. పైన ఒక తల్లిని కాపాడనీకి కింద ఇంకో తల్లిని పాతిపెడ్తమంటే ఊకోం."

ఇంజనీరు టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మీరన్నది న్యాయమేనమ్మా. కానీ సర్వేలో ఇక్కడ దారే లేదు. మీ పెద్దమనిషి మాట మీదే గీశారు. ఎల్లుండి మా పెద్ద ఇంజనీరు గారు వస్తున్నారు. మీ నాయక్ వచ్చి, ఇదీ మా దారి అని ఆయన ఎదుట నడిచి చూపిస్తే కింద నుంచి దారి కట్టమని పైకి రాయొచ్చు. మీ ఆడవాళ్లు చెబితే..."

"చెబితే ఏంది?"

ఆయన టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు.

"ఈ బాటల నడిచింది మేము. నెత్తి మీద మోసింది మేము. చెప్పనీకి మాత్రం మొగోడు కావాల్నా? మీ పెద్ద సారు రానీ. నేనే నడిచి చూపిస్త. ఆయన చూడకపోతే బుట్టలు లేవవు, మేం లేవం."

ఆ మాట సాయంత్రానికల్లా తండా అంతా తిరిగి జైరాం చెవిలోనూ పడింది. ఆ మర్నాడంతా ఆయన గుమ్మం దాటలేదు. పట్టపగలు కోడలు పరాయి మగవాళ్లను నీళ్ల దారిలో నడిపించుకుపోతుంది. తాను వద్దంటే ఆగదు. ఊరుకుంటే కట్టుబాటు పోతుంది. కట్టుబాటు పట్టుకు కూర్చుంటే దారి పోతుంది. మంగ్లి పడ్డ చోటు ఆయన కళ్లలో మెదులుతూనే ఉంది. తగవుల్లో ఎందరికో తీర్పు చెప్పిన మనిషి, తన తగవు తానే తీర్చుకోలేక ఒక పూట అన్నం కూడా ముట్టలేదు.

పెద్ద ఇంజనీరు వచ్చిన రోజున ఆడవాళ్లంతా బిందెలతో బారులు తీరారు. రూప్లి ముందు నిలబడింది. అప్పుడు తండాలోంచి జైరాం వచ్చాడు, తలపాగా చుట్టి, చేతికర్ర పట్టుకుని. నీళ్ల దారి మొదలయ్యే చోట ఆగిపోయాడు. అడుగు వేయలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"బిడ్డలారా," అన్నాడు. "నేను ఈ బాట తొక్కొచ్చా?"

నాయక్ తండాలో అనుమతి అడగడం ఎవరూ ఎరగరు. రూప్లి ముసుగు లాక్కోలేదు, తల దించుకోలేదు.

"రా మామా. మేం ముందు నడుస్తం. నువ్వు మా ఎనక రా."

అలాగే నడిచారు. ముందు ఆడవాళ్లు, వాళ్ల వెనక నాయక్, ఆయన వెనక ఇంజనీర్లు. మట్టికట్ట ఎక్కేటప్పుడు జైరాం కాలు రెండు చోట్ల జారింది. పూలి చేయి అందించింది. అవతల దిగి, రేగుపొదల మధ్య అరిగిన రాళ్ల మీదుగా కుంట దాకా పోయారు. డెబ్బై ఏళ్లుగా ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లతో ఉతికిన బట్టలే కట్టిన మనిషి, ఆ నీళ్లు వచ్చిన బాటను మొదటిసారి చూశాడు. గట్టు మీద కూలబడి ఊపిరి పీల్చుకుని, పెద్ద ఇంజనీరు వైపు తిరిగాడు.

"సారూ, మీ పటం తప్పు కాదు. నేను చెప్పిందే మీరు గీసిండ్రు. నడిచేటోళ్లను అడగకుంట నేను అందరి తరపున చేయి చూపిచ్చిన. మర్యాద అనుకొని దాచిన. దాచిన దారి మీద మీరు మట్టి పోసిండ్రు. ఇప్పుడు నా కోడలు చెప్తది, అది రాసుకోండ్రి. ఇగ నుంచి ఈ తండాకు ఎవరొచ్చి ఏమడిగినా, మొగోళ్లతోపాటు ఆడోళ్లు కూడ కూసోవాలె. వాళ్లు మాట్లాడకుంట నేను ఏ మాటా ఇయ్య."

పెద్ద ఇంజనీరు అక్కడే కట్ట నింపే పని ఆపమన్నాడు. కింద నుంచి దారికి అనుమతి తెస్తానన్నాడు. రూప్లి అంతటితో ఊరుకుందా? "మాట మంచిదే సారూ. మట్టి తియ్యుండ్రి, అప్పుడు నమ్ముతం" అంది. వాదనలయ్యాయి, ఫోన్లయ్యాయి. చెప్పులు విడిచిన ఆ డ్రైవరే మర్నాడు యంత్రం ఎక్కి, మంచెకు అవతల పక్కన కట్టకు గండి కొట్టాడు. తీజ్ ఆఖరి రోజున పచ్చటి బుట్టలు నెత్తిన పెట్టుకుని పిల్లలు ఆ గండిలోంచే పాడుకుంటూ కుంటకు పోయారు.

కాగితాలు రావడానికి నెలలు పట్టింది. మధ్యలో రెండు సార్లు గండి పూడ్చాలని చూశారు, రెండు సార్లూ ఆడవాళ్లు పోయి కూర్చున్నారు. చివరికి కాంక్రీటుతో దారి కట్టారు. నీళ్ల బిందెలతో ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు కావాలని, లోపల దీపం ఉండాలని, వాన నీళ్లు నిలవకూడదని రూప్లి దగ్గరుండి చెప్పించుకుంది. ఇప్పుడు పైన బండ్లు పోతాయి, కింద మనుషులు పోతారు. ఎవరి దారి వారిది.

ఇదీ కథ తల్లీ. విని వదిలేయకండి, మనసులో పెట్టుకోండి. రేపు మీ ఊరి పక్కన కూడా పెద్ద రోడ్డు పడవచ్చు, సర్వే వాళ్లు వచ్చి మీ దారి ఏదని అడగవచ్చు. ఆ రోజు నలుగురినీ పోగేసి ఈ కథ చెప్పండి. మీ ఇంట్లో బరువు మోసే మనిషిని వెనక గదిలో ఉంచకుండా ముందుకు పిలిచి కూర్చోబెట్టండి. రోడ్డు ఎంత పెద్దదైనా సరే, నడిచేవాళ్లను అడగకుండా వేస్తే దాన్ని ఆపే హక్కు నడిచేవాళ్లకు ఉంది.